తణుకులో ఒక పూట నడక

తణుకు పేరు వినని వాళ్ళు మన జిల్లాలో ఉండరు. కొందరు సరుకు అమ్ముకోవడానికి వస్తారు. కొందరు ఆసుపత్రికి వస్తారు. కొందరు కోర్టు పని మీద వస్తారు. పని అవగానే బస్సెక్కి వెళ్ళిపోతారు. తణుకులోనే పుట్టి పెరిగిన వాళ్ళూ అంతే. రోజూ అదే దారిన నడుస్తారు. ఆ దారికి ఒక కథ ఉందేమోనని ఆగి చూడరు.

ఊరి చరిత్ర అంటే రాజులు, కోటలు, యుద్ధాలేనా? తణుకులో గోల్కొండలాంటి కోట లేదు. ఓరుగల్లులాంటి రాతి తోరణం లేదు. అయినా తణుకుకు చరిత్ర ఉంది. అది కాలువ గట్టు మీద ఉంది. ఆఫీసుల వీధిలో ఉంది. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉంది. ముసలివాళ్ళ మాటల్లో ఉంది. ఓపిగ్గా నడిస్తే, అడిగితే, చదివితే అది మనకు దొరుకుతుంది.

ఒక ఆదివారం పొద్దున్నే మేము ఏడుగురం అలా నడిచాం. ముగ్గురం చదువు చెప్పే స్నేహితులం. నలుగురు మా దగ్గర రాత్రిపూట చదువుకుంటున్న వాళ్ళు. ఆ నలుగురిలో ఇద్దరు మా అమ్మ వయసు వాళ్ళు. ఒక బాబాయిగారు, ఒక మామ్మగారు కూడా ఉన్నారు. ఏడాది కలిసి కూర్చున్నాక మేమంతా నేస్తాలమే అయిపోయాం. ఆ నడకలో ఏం తెలుసుకున్నామో ఇక్కడ చెబుతాను.

మూడు గడుల కాగితం

బయలుదేరే ముందు ఒక్కొక్కరం ఒక కాగితం తీసుకున్నాం. దాని మీద నిలువుగా రెండు గీతలు గీశాం. మూడు గడులు వచ్చాయి. మొదటి గడిలో "కన్నది" అని రాశాం. రెండో గడిలో "విన్నది" అని రాశాం. మూడో గడిలో "రాసి ఉన్నది" అని రాశాం.

ఎందుకిలా? చరిత్ర మనకు ఈ మూడు దారుల్లో వస్తుంది. కాలువ మన కంటికి కనపడుతుంది. అది కన్నది. "మా తాత చెప్పాడు" అంటాం. అది విన్నది. రాతి మీదా, రాగి రేకు మీదా, పుస్తకంలోనో, దస్తావేజులోనో ఉంటే అది రాసి ఉన్నది. మూడూ కావాలి. కానీ మూడింటినీ కలిపేయకూడదు. ఏది ఏ గడిలోదో తెలిస్తే, ఎవరు ఏం చెప్పినా మనమే సరిచూసుకోవచ్చు.

గోస్తనీ గట్టు

మొదట గోస్తనీ గట్టుకు వెళ్ళాం. తణుకు ఈ గోస్తనీ ఒడ్డునే పెరిగింది. గోస్తని అంటే ఆవు పొదుగు అని అర్థం. ఆవు పాలిచ్చినట్టు ఈ నీరు పొలాలకు పాలిస్తుందని మనవాళ్ళు అనుకున్నారేమో. విశాఖపట్నం వైపు కూడా ఒక గోస్తనీ నది ఉంది. అది భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. అది వేరు, ఇది వేరు.

అక్కడ నిలబడగానే మామ్మగారు ఒక కథ చెప్పారు. "ఈ ఊరు పూర్వం తారకాపురమట. తారకాసురుడు ఏలాడట. కుమారస్వామి వాణ్ణి చంపాడట. తారకాపురమే తణుకయిందని మా అత్తగారు చెప్పేవారు" అన్నారు.

ఈ కథను తణుకులో చాలామంది చెబుతారు. మరి దీన్ని ఏ గడిలో రాయాలి? "విన్నది" గడిలో రాశాం. కథను తీసెయ్యలేదు. అలాగని చరిత్ర అని సంతకమూ పెట్టలేదు. పురాణ కథ మనవాళ్ళ నమ్మకాన్ని చెబుతుంది. ఏ సంవత్సరంలో ఏం జరిగిందో చెప్పదు.

ఇక నీళ్ళ సంగతి. ఈ నీళ్ళ వెనక రాసి ఉన్న చరిత్ర ఉంది. 1830ల్లో గోదావరి ప్రాంతం కరువులతో అల్లాడింది. గోదావరి నిండా నీళ్ళు ఉండేవి. ఆ నీళ్ళు ఊరికే సముద్రంలోకి పోయేవి. పక్కనే పొలాలు ఎండేవి. అప్పుడు ఆర్థర్ కాటన్ అనే ఇంజనీరు ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాడు. పని 1847లో మొదలైంది. 1852లో పూర్తయింది. ఆనకట్ట నీటిని ఆపింది. విజ్జేశ్వరం దగ్గర తూముల గుండా ఆ నీరు మన పశ్చిమ డెల్టా కాలువల్లోకి వచ్చింది. ఆ కాలువల్లో ఒకదాని పేరు గోస్తనీ – వేల్పూరు కాలువ. వేల్పూరు మన తణుకు పక్క ఊరే.

పాత ఆనకట్ట బలహీనపడ్డాక కొత్త బ్యారేజీ కట్టారు. ఆ పని 1970లో మొదలై 1982లో ముగిసింది. దానికి కాటన్ పేరే పెట్టారు. మన జిల్లాలో చాలా ఊళ్ళలో కాటన్ దొర విగ్రహాలు కూడా కనిపిస్తాయి.

బాబాయిగారు కాసేపు నీళ్ళకేసి చూశారు. "మాష్టారూ, దొర ఒక్కడే తవ్వాడా అండి ఇన్ని కాలువలు?" అని అడిగారు.

మంచి ప్రశ్న. దొర ఒక్కడే తవ్వలేదు. వేలమంది కూలీలు పలుగూ పారా పట్టారు. ఆడవాళ్ళు తట్టలతో మట్టి మోశారు. కాటన్ దగ్గర వీణం వీరన్న అనే తెలుగు ఇంజనీరు ఉండేవాడు. కూలీలను సమకూర్చి పని నడిపించింది ఆయనే. ఆయన పేరు చరిత్రలో మిగిలింది. తట్ట మోసిన వాళ్ళ పేర్లు మిగల్లేదు.

"మా నాన్నా, నేనూ ఎండాకాలం కాలువలు కట్టేసినప్పుడు పూడిక తీసేవాళ్ళమండి" అన్నారు బాబాయిగారు. "పొద్దున్న దిగితే సూర్యుడు నడినెత్తికొచ్చేదాకా బురదలోనే. బురదలో జెర్రులు, పాములు. అలా తీస్తేనే జూన్లో నీళ్ళు పారేవి."

ఆ మాట కూడా "విన్నది" గడిలోనే రాశాం. పక్కన బాబాయిగారి పేరు, తారీఖు వేశాం. చెప్పిన మనిషి పేరు, చెప్పిన రోజు ఉంటే విన్న మాటకు బలం వస్తుంది.

నన్నయగారి సంగతి

తణుకు అనగానే చదువుకున్న వాళ్ళు ఇంకో పేరు చెబుతారు. అది నన్నయ పేరు. నన్నయ తెలుగులో ఆదికవి. ఆది అంటే మొదలు. సంస్కృతంలో ఉన్న మహాభారతాన్ని తెలుగులో రాయడం మొదలుపెట్టింది ఆయనే. రాజమహేంద్రవరం నుంచి ఏలిన రాజరాజ నరేంద్రుడు ఆయన చేత ఆ పని చేయించాడు. ఇది 11వ శతాబ్దం మాట. అంటే ఇప్పటికి దాదాపు వెయ్యేళ్ళు.

నన్నయ భారతం మొత్తం రాయలేదు. ఆదిపర్వం, సభాపర్వం రాశాడు. అరణ్యపర్వం కొంత రాశాడు. తరువాత తిక్కన విరాటపర్వం నుంచి చివరిదాకా రాశాడు. మధ్యలో మిగిలిన అరణ్యపర్వాన్ని ఎర్రన పూర్తి చేశాడు. ముగ్గురి చేతుల మీదుగా, రెండు మూడు వందల ఏళ్ళకు మన తెలుగు భారతం నిండింది.

నన్నయకూ తణుకుకూ ఏమిటి సంబంధం? ఆయన ఈ ప్రాంతం వాడని, తణుకులో యజ్ఞం చేశాడని ఇక్కడి పెద్దలు చెప్పుకుంటారు. ఇది "విన్నది".

మరి "రాసి ఉన్నది" ఏమిటి? నందంపూడి శాసనం. నందంపూడి కోనసీమలోని ఊరు. భారతం రాయడంలో నారాయణభట్టు అనే పండితుడు నన్నయకు సాయం చేశాడు. రాజు ఆయనకు నందంపూడిని దానంగా ఇచ్చాడు. ఆ సంగతి 1053లో రాగి రేకుల మీద చెక్కించారు. ఆ శాసనాన్ని రచించింది నన్నయే. రాజు పోయాడు. కవి పోయాడు. దానం పుచ్చుకున్న వాడూ పోయాడు. ఎవరు ఎవరికి ఏ ఊరు ఇచ్చారో మాత్రం ఇవాళ్టికీ తెలుసు. రాసి పెట్టారు కాబట్టి తెలుసు.

రాజమహేంద్రవరంలో 2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం పెట్టారు. మన తాడేపల్లిగూడెంలో దాని ప్రాంగణం ఒకటి ఉంది.

ఆఫీసుల వీధిలో

తరువాత ఆఫీసులున్న వైపు నడిచాం. తణుకు చాలాకాలం తాలూకా కేంద్రం. చుట్టుపక్కల ఊళ్ళ శిస్తు, భూమి లెక్కలు, తగాదాలు అన్నీ ఇక్కడికే వచ్చేవి. ఎద్దుబళ్ళ మీద, పడవల మీద, నడిచి కూడా జనం వచ్చేవారు.

మన చిరునామా ఎన్నిసార్లు మారిందో చూడండి. ఒకప్పుడు ఈ ప్రాంతం కృష్ణా జిల్లాలో ఉండేది. 1925లో ఏలూరు కేంద్రంగా పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్లో జిల్లాలను మళ్ళీ విడదీశారు. ఏలూరు వేరే జిల్లా అయింది. నిడదవోలు తూర్పుగోదావరిలోకి వెళ్ళింది. పశ్చిమగోదావరికి భీమవరం కేంద్రమయింది. తణుకు పశ్చిమగోదావరిలోనే ఉంది. పాత కాగితాల్లో "తణుకు తాలూకా" అని కనిపిస్తే కంగారు పడకండి. అది 1985కు ముందు కాగితమో, పాత అలవాటున రాసిన కాగితమో అయి ఉంటుంది.

ఆ వీధిలో మాతో వచ్చిన పిన్నిగారు ఒకచోట ఆగిపోయారు. ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి. అప్పుడు మాత్రం చిన్నగా చెప్పారు.

"మా నాన్న ఈ వీధిలోనే వేలిముద్ర వేశాడు మాష్టారూ. ఇచ్చిన అప్పుకు కాగితం అన్నారు. ఆయనకు చదువు రాదు. పక్కన మాకూ రాదు. రెండేళ్ళకు తెలిసింది, అది అమ్మకం కాగితమని. అరెకరం పోయింది. ఆ అరెకరమే మాకున్నది."

మేము ఏమీ అనలేకపోయాం. ఆవిడే మళ్ళీ అన్నారు. "నిరుడు నేను అర్జీ పెట్టి ఆ దస్తావేజు నకలు తీసుకున్నాను. కూడబలుక్కుని నేనే చదివాను. పొలం తిరిగిరాదని తెలుసు. అయినా అందులో ఏం రాశారో చూడాలనిపించింది. మా నాన్న పేరు అచ్చరాల్లో చదవడం అదే మొదలు."

పిన్నిగారు చేసిన పని అందరికీ ఉపయోగం. కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. భూమి అమ్మకం, కొనుగోలు దస్తావేజులు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నమోదవుతాయి. అసలు కాగితం కొన్నవాళ్ళ దగ్గర ఉంటుంది. దాని ప్రతి ఆఫీసులో ఉంటుంది. రుసుము కట్టి, అర్జీ పెట్టి ఆ నకలు తీసుకోవచ్చు. ఒక భూమి మీద ఏయే లావాదేవీలు జరిగాయో చెప్పే కాగితాన్ని ఈసీ అంటారు. అదీ తీసుకోవచ్చు. కొనేముందు ఈసీ చూడాలి. వేలిముద్ర వేసేముందు, సంతకం పెట్టేముందు కాగితం అంతా చదవాలి. అర్థం కాని మాట ఉంటే అడగాలి. "తొందరగా పెట్టెయ్యండి" అని ఎవరైనా అంటే అప్పుడు మరీ నిదానంగా చదవాలి.

శాసనమూ, దస్తావేజూ ఒకే జాతివి. రెండూ ఎవరి భూమి ఎవరికి వెళ్ళిందో చెబుతాయి. నందంపూడి రాగి రేకు వెయ్యేళ్ళుగా చెబుతోంది. పిన్నిగారి కాగితం ముప్పై ఏళ్ళుగా చెబుతోంది. రాసినదంతా న్యాయమని కాదు. చదవగలిగితేనే అది న్యాయమో కాదో తెలుస్తుంది.

రైలు, రోడ్డు

తణుకు రైలు స్టేషను నిడదవోలు – భీమవరం దారిలో ఉంది. ఈమధ్యే ఈ దారిలో రెండో లైను పడింది. కరెంటు తీగలూ వచ్చాయి. కలకత్తా నుంచి మద్రాసు వెళ్ళే జాతీయ రహదారి కూడా తణుకు మీదుగానే వెళుతుంది. దాన్ని పెద్దవాళ్ళు ఇంకా అయిదో నంబరు రోడ్డనే అంటారు. ఇప్పుడు దాని నంబరు 16. రాతి మీద, బోర్డు మీద 16 అని ఉంటే అదీ ఇదీ ఒకటే రోడ్డు.

స్టేషను బోర్డు మీద ఊరి పేరు మూడు భాషల్లో ఉంటుంది. మామ్మగారు తెలుగులో ఉన్నది గట్టిగా చదివారు. "త... ణు... కు." ఎన్నోసార్లు ఆ బోర్డు కిందే రైలు కోసం కూర్చున్నారట. చదవడం మాత్రం ఇదే మొదటిసారట.

చెరకు బళ్ళ నుంచి రాకెట్ల దాకా

తణుకు పేరు దేశమంతా తెలిసింది ఆంధ్రా షుగర్స్ ఫ్యాక్టరీ వల్ల. ఈ కంపెనీ 1947 ఆగస్టులో ఏర్పడింది. మనకు స్వాతంత్ర్యం వచ్చిన నెల అదే. ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ దీన్ని స్థాపించిన వారిలో ముఖ్యులు. ఆయన 1921లో పుట్టారు. 2011లో పోయారు.

చెరకు రసం నుంచి పంచదార వస్తుంది. మిగిలిన మడ్డిని మొలాసిస్ అంటారు. మొలాసిస్ నుంచి ఆల్కహాలు వస్తుంది. ఆల్కహాలు నుంచి ఎన్నో రసాయనాలు తయారవుతాయి. అలా ఒకదాని వెనక ఒకటి పనులు పెరిగాయి. తలనొప్పికి, జ్వరానికి వాడే ఆస్పిరిన్ మందు ఇక్కడ తయారయింది. మన ఇస్రో రాకెట్లకు వాడే ద్రవ ఇంధనం కూడా తణుకులో తయారయింది. శ్రీహరికోట నుంచి పైకి లేచిన రాకెట్లలో మన ఊరి సరుకు ఉందన్నమాట.

బాబాయిగారు కుర్రతనంలో ఈ ఫ్యాక్టరీకి చెరకు తోలారు. "ఒక్కోసారి రాత్రంతా బళ్ళ వరసలోనే ఉండేవాళ్ళం. ఎడ్లకు గడ్డి వేసి, బండి కిందే పడుకునేవాళ్ళం. చలికి చెరకు ఆకు కాల్చుకునేవాళ్ళం. తెల్లారేసరికి ఊరంతా బెల్లం పాకం వాసన" అని చెప్పారు. ఇప్పుడు మన ప్రాంతంలో చెరకు సాగు బాగా తగ్గింది. ఆ బళ్ళ వరసలు చూసినవాళ్ళు కూడా తగ్గిపోతున్నారు. కంపెనీ లెక్కల పుస్తకంలో టన్నులు ఉంటాయి. బండి కింద పడుకున్న రాత్రి ఉండదు. అది బాబాయిగారే చెప్పాలి. ఎవరో ఒకరు రాసుకోవాలి.

మండపాక

ఎండెక్కేలోగా మండపాక చేరాం. అది తణుకు పక్కనే ఉన్న ఊరు. అక్కడ ఎల్లారమ్మ గుడి ఉంది. జాతరకు చుట్టుపక్కల ఊళ్ళ జనమంతా వస్తారు. మాతో వచ్చిన ఆడవాళ్ళకు ఆ గుడి బాగా తెలుసు. దండం పెట్టుకున్నారు. గుడిలో బోర్డులు, దాతల పేర్లు రాసిన రాళ్ళు ఒక్కొక్కటే చదువుకుంటూ వచ్చారు.

మండపాకలోనే 1921లో ఒక కవి పుట్టాడు. ఆయన పేరు దేవరకొండ బాలగంగాధర తిలక్. హరిశ్చంద్రప్రసాద్ పుట్టిన ఏడూ అదే. ఒకే ఏడాది పుట్టిన ఇద్దరిలో ఒకరు ఫ్యాక్టరీ పెట్టారు. ఇంకొకరు కవిత్వం రాశారు. తిలక్ 1966లో, నలభై ఐదేళ్ళు నిండకుండానే చనిపోయారు. ఆయన కవితల పుస్తకం "అమృతం కురిసిన రాత్రి" ఆ తరువాత 1968లో అచ్చయింది. 1971లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

తిలక్ కథలు కూడా రాశారు. ఒక కథ పేరు "నల్లజర్ల రోడ్డు". మాలో ఒకావిడ నవ్వేశారు. "నల్లజర్ల మా పుట్టింటికి వెళ్ళే దారి కదండీ! దాని మీద కూడా కథ రాస్తారా?" అన్నారు. రాస్తారు. మనం బస్సులో వెళ్ళే రోడ్డు మీద, మనలాంటి మనుషుల మీదే కథలు రాస్తారు. ఆ పుస్తకం గ్రంథాలయంలో అడిగి చదవాలని ఆవిడ కాగితం మీద రాసుకున్నారు.

కాగితం నిండాక

మండపాకలో చెట్టు కింద కూర్చుని కాగితాలు చూసుకున్నాం. "కన్నది" గడి నిండింది. "విన్నది" గడి పొంగిపోయింది. "రాసి ఉన్నది" గడిలో రాజులు, కవులు, ఇంజనీర్లు, కంపెనీలు ఉన్నాయి. పూడిక తీసిన వాళ్ళు లేరు. చెరకు తోలిన వాళ్ళు లేరు. వేలిముద్ర వేసి పొలం పోగొట్టుకున్న వాళ్ళు కాగితంలో ఉన్నారు. కానీ వాళ్ళ మాట అందులో లేదు.

వాళ్ళు ఎందుకు లేరు? వాళ్ళకు చరిత్ర లేక కాదు. వాళ్ళకు రాయడం రాదు. వచ్చిన వాళ్ళు వీళ్ళను అడగలేదు. ఇప్పుడు మీకు రాయడం వచ్చింది. అందుకే ఈ నడక మీరూ నడవాలి.

మీ ఊళ్ళో ఇలా చేయండి

1. నలుగురైదుగురు కలిసి బయలుదేరండి. ఒక పెద్దవారిని తప్పక వెంట తీసుకెళ్ళండి. ఎండ ముదరకముందే నడవండి. మంచినీళ్ళు పట్టుకెళ్ళండి.

2. చెరువు, కాలువ, గుడి, మసీదు, చర్చి, బడి, సంత, పాత ఆఫీసు – ఒక ఆరింటిని ఎంచుకోండి.

3. ప్రతిచోటా రాసి ఉన్నది చదవండి. విగ్రహం కింద, గుడి గోడ మీద, వంతెన రాతి మీద సంవత్సరం ఉందేమో చూడండి. ఉన్నది ఉన్నట్టే రాసుకోండి.

4. పాత రాతి మీద అక్షరాలు కనిపిస్తే గీకకండి. సున్నం, రంగు వేయకండి. బడిలో టీచరుగారికి చెప్పండి.

5. పెద్దవాళ్ళను అడగండి. వాళ్ళ పేరు, వయసు, చెప్పిన తారీఖు రాయండి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయండి.

6. తప్పులు వస్తాయని ఆగకండి. ఒత్తు పోయినా ఫరవాలేదు. మాట పోకూడదు.

కొత్త మాటలు

ఆనకట్ట – నదికి అడ్డంగా కట్టి నీటిని నిలిపే కట్ట.
డెల్టా – నది సముద్రంలో కలిసే ముందు పాయలుగా విడిపోయి, ఒండ్రు వేసిన నేల.
శాసనం – రాతి మీద, రాగి రేకు మీద చెక్కించిన రాత.
నకలు – అసలు కాగితాన్ని చూసి తీసిన ప్రతి.
పూడిక – కాలువలో, చెరువులో పేరుకున్న మట్టి.

ఆలోచించి రాయండి

1. తారకాసురుడి కథ ఏ గడిలోకి వస్తుంది? నందంపూడి శాసనం ఏ గడిలోకి వస్తుంది? ఎందుకు?

2. ధవళేశ్వరం ఆనకట్ట పని ఎప్పుడు మొదలైంది? ఎప్పుడు ముగిసింది? ఎన్నేళ్ళు పట్టింది?

3. భూమి కాగితం మీద సంతకం పెట్టేముందు ఏమేం చూడాలి?

4. మీ అమ్మగారు, నాన్నగారు ఏ పని చేసేవారు? ఆ పని ఎక్కడ చేసేవారు? ఆ చోటు ఇప్పుడు ఎలా ఉంది? ఐదు వాక్యాలు రాయండి. కింద మీ పేరు, ఊరు, ఇవాళ్టి తారీఖు వేయండి.